సంఘం రేపు ఎవరిది? సికింద్రాబాదు తెలుగు సంఘాల చరిత్ర నుంచి కొన్ని ప్రశ్నలు

సంఘం భవిష్యత్తు అనగానే మన పెద్దలకు మొదట కళ్ళ ముందు ఆడేది సిమెంటు. పాత గుడి పడగొట్టి కొత్తది కట్టాలా, రోడ్డు వైపు మల్గీలు వేసి కిరాయికిస్తే పాస్టరుగారి జీతం వెళ్ళిపోతుందా, ఆదివారం వచ్చే బండ్లు ఎక్కడ నిలబెట్టాలి - కమిటీ కూచుంటే మాట ఇక్కడే తిరుగుతుంది. ఇవి అక్కరలేని సంగతులని మేము అనడం లేదు. డబ్బు లేకపోతే గుడిలో దీపం కూడా వెలగదు. కానీ రాబోయే యాభై ఏళ్ళ గురించి మాట్లాడుకునే సంఘం గడిచిన నూటయాభై ఏళ్ళలో తన పేరు మీద ఎవరెవరు ఏమేం పథకాలు వేశారో, వాటిలో తనకు మిగిలిందేమిటో ఒకసారి తిరగేసి చూసుకోవద్దా?

అలా చూసుకోవడానికి సికింద్రాబాదులో ఇది సరైన సమయం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ డబ్ల్యు. డబ్ల్యు. క్యాంబెల్ 1875లో మొదలుపెట్టిన సంఘం, ఇవాళ మనం సెంటినరీ బాప్టిస్టు అని పిలుచుకునే సంఘం, 2025తో నూటయాభై ఏళ్ళు పూర్తి చేసుకుంది. సికింద్రాబాదు నుంచే పల్లెలకు పోయిన వెస్లియన్ మిషన్ కట్టిన మెదకు గుడికి 2024 డిసెంబరు 25తో నూరేళ్ళు నిండాయి. ఉత్సవాలు జరిగాయి, శిలాఫలకాలు వెలిశాయి. ఉత్సవం అయిపోయాక అడగవలసిన ప్రశ్నలు మాత్రం అలాగే ఉన్నాయి.

మేము చెప్పదలచుకున్నది సూటిగా ఇది. తెలుగు దళిత సంఘాల కోసం ఇప్పటిదాకా మూడు పెద్ద పథకాలు వచ్చాయి. మూడూ డబ్బు ప్రశ్నకు ఏదో ఒక జవాబు వెతికాయి. నాలుగు ప్రశ్నలను మాత్రం పక్కకు నెట్టాయి. సంఘంలో ఎవరిని లెక్కపెడుతున్నాం? స్థలం కాగితం ఎవరి పేరు మీద ఉంది? పెత్తనం ఎవరి చేతిలో ఉంది? ఆపద వచ్చిన రోజు ఆ కాంపౌండు గేటు ఎవరికి తెరుచుకుంటుంది? ఈ నాలుగింటికి జవాబు లేని పథకం ఎంత అందంగా అచ్చేసినా అది కట్టడం పథకమే గాని సంఘం పథకం కాదు.

లైన్ల పక్కన పుట్టిన సంఘం

సికింద్రాబాదు పల్లె పెరిగి పట్నమైన ఊరు కాదు. 1798 ఒప్పందంతో ఇంగ్లీషు పటాలం ఇక్కడ తిష్ఠవేసింది. 1806లో నిజాం సికిందర్ జా పేరు మీద ఊరికి పేరొచ్చింది. పటాలం ఉన్నచోట బూట్లు కుట్టేవాళ్ళు కావాలి, గుర్రాలకు గడ్డి కోసేవాళ్ళు కావాలి, వంటవాళ్ళు, ఆయాలు, పాకీపని చేసేవాళ్ళు కావాలి. ఊళ్ళో మాల, మాదిగ అని దూరం పెట్టిన చేతులే ఇక్కడ దొరకు అవసరమయ్యాయి. తెలుగు జిల్లాల నుంచీ, అరవదేశం నుంచీ మనవాళ్ళు ఈ లైన్ల పక్కకు చేరారు. 1874లో రైలొచ్చింది, 1893లో లాలగూడ వర్క్‌షాపు వచ్చింది. నెలజీతం అనే మాట మన ఇండ్లలోకి వచ్చింది ఈ దారిలోనే.

గుళ్ళు మాత్రం ముందు పటాలం కోసం కట్టారు. సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. సైనికులకు, వాళ్ళ కుటుంబాలకు కట్టిన గుడిలో మన తాతలకు చోటు బయటే. 1879 ప్రాంతంలో విలియం బర్జెస్ మొదలైన వెస్లియన్ మిషనరీలు వచ్చాక, బాప్టిస్టులు వచ్చాక గాని తెలుగు మాట్లాడే సంఘం నిలదొక్కుకోలేదు. మెదకు గుడి కట్టించిన చార్లెస్ వాకర్ పోస్నెట్ కూడా 1895లో సికింద్రాబాదు వచ్చి, ముందు తిరుమలగిరి సైనికుల మధ్యనే పనిచేసి, తర్వాత పల్లెలకు పోయాడు. ఇవాళ మెదకు డయోసీసు కార్యాలయం ఉన్న చోటు పేరు ఓల్డ్ లాన్సర్ లైన్స్. అంటే గుర్రపుదళం వరసలు. పేరులోనే చరిత్ర దాగి ఉంది.

ఇందులో ఒక మెలిక ఉంది. కంటోన్మెంటులో 'ఓల్డ్ గ్రాంటు' అనే పద్ధతి నడిచింది. బంగళా కట్టుకున్నవాడికి కట్టడం మీదనే హక్కు, నేల సర్కారుది, కావాలంటే సర్కారు వెనక్కి తీసుకోవచ్చు. లైన్ల పక్కన బతికిన మనవాళ్ళ గుడిసెకు ఆపాటి కాగితం కూడా లేదు. నేల మనది కాకుండా బతకడం సికింద్రాబాదు దళితుడికి మొదటినుంచీ అలవాటైంది. సంఘం విషయంలోనూ అదే అలవాటు కొనసాగింది.

మొదటి పథకం: స్వపోషణ

పందొమ్మిదో శతాబ్దం నడుమ ఇంగ్లండులో హెన్రీ వెన్, అమెరికాలో రూఫస్ ఆండర్సన్ మిషన్లకు ఒక సూత్రం చెప్పారు. స్థానిక సంఘం తన పోషణ తానే చూసుకోవాలి, తన పరిపాలన తానే చేసుకోవాలి, తన వ్యాప్తి తానే సాగించాలి. అది జరిగాక మిషన్ తప్పుకోవాలి. కాగితం మీద చాలా గొప్ప మాట ఇది. మరి తెలుగుదేశంలో ఎట్లా నడిచింది?

సికింద్రాబాదు బాప్టిస్టు సంఘానికి తల్లి మిషన్ నెల్లూరులో ఉంది. శామ్యూల్ డే 1836లో తెలుగువాళ్ళ మధ్య పని మొదలుపెట్టాడు. చాలా ఏళ్ళు ఫలితం దాదాపు సున్నా. ఖర్చు దండగని, నెల్లూరు మూసేద్దామని 1853లో అమెరికాలో పెద్దలు కూచుని చర్చించారు. లెక్కల ప్రకారం ఆలోచిస్తే వాళ్ళు తప్పేమీ అనలేదు. కానీ ఆ లెక్కలో లేని మనిషి ఒకడు ఉన్నాడు. తాళ్ళకొండపాడు మాదిగ, తోళ్ళ వ్యాపారి యెర్రగుంట్ల పేరయ్య. 1866 నుంచి అతనూ అతని భార్య నాగమ్మా మాదిగవాడల్లో చెప్పిన మాటే ఒంగోలు ఉద్యమానికి వేరు. ఆ పథకం వేసినవాళ్ళకు పేరయ్య ఎవరో తెలియదు. పేరయ్యకు ఆ పథకం సంగతి తెలియదు.

ఒంగోలులో జాన్ క్లౌ ముందు ఒక ఎంపిక వచ్చి పడింది. బ్రాహ్మణ కుర్రాళ్ళు స్కూలుకు వస్తున్నారు. మాదిగలను చేర్చుకుంటే వాళ్ళు పోతారు. పైకులాలు ముందు, మిగిలినవాళ్ళు తర్వాత అన్నది ఆనాటి మిషన్లలో చాలామంది నమ్మిన పథకం. క్లౌ మాదిగలను వదలలేదు, పైకులాలవాళ్ళు వెళ్ళిపోయారు. 1876-78 కరువులో అతను బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు పట్టి మనవాళ్ళకు కూలి ఇప్పించాడు, కరువు పని నడుస్తున్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. 'బియ్యం క్రైస్తవులు' అని మనల్ని ఎగతాళి చేసేవాళ్ళు ఈ వరస ఒకసారి చూడాలి. పని ఉన్నప్పుడు కాదు, పని అయిపోయాక వచ్చారు.

ఇక స్వపోషణ సంగతి. కూలి గింజల్లో దొరికే మనిషి, దొర గడీలో వెట్టి చేసే మనిషి, ఆదివారం కూడా తనది కాని మనిషి పాస్టరును ఎట్లా పోషిస్తాడు? పోషించారు. ఎట్లాగంటే పిడికెడు బియ్యంతో. ఎసరు పెట్టేముందు ఆడమనిషి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. వారం తిరిగేసరికి అది గుడికి వచ్చేది. కోత పండుగకు కంకులు, కోళ్ళు, గుమ్మడికాయలు వచ్చేవి. దోర్నకల్లులో బిషపు వి.ఎస్. అజరయ్య ఈ పద్ధతిని ప్రోత్సహించాడు. 1912లో అతను ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషపు అయ్యాడు. సంఘం బీదదైనా ఇచ్చే అలవాటు ఉండాలని పట్టుబట్టినవాడు.

పిడికెడు బియ్యం తీసిన చేయి ఆడదానిది. లెక్క రాసిన చేయి మగవాడిది. ఆ సొమ్ముతో నిలబడ్డ గుడి దస్తావేజు మిషన్ ట్రస్టుది. మూడు సూత్రాల్లో మొదటిది, పోషణ, మన నెత్తిన వేగంగానే పడింది. రెండోది, పరిపాలన, చాలా నిదానంగా వచ్చింది. బరువు ముందు, హక్కు తర్వాత. మేము స్వపోషణను తప్పుపట్టడం లేదు, అది మన ఆత్మగౌరవం. కానీ చందా ఇచ్చినవాడికి లెక్క అడిగే హక్కు కూడా అదే రోజు రావాలి. అప్పుడు రాలేదు. ఇప్పుడు ఎన్ని సంఘాల్లో వచ్చిందో ఎవరి సంఘాన్ని వాళ్ళే చూసుకోవాలి.

రెండో పథకం: ఐక్యత

1919లో ట్రాంక్విబారులో అజరయ్య మొదలైనవాళ్ళు కూచుని దక్షిణాది సంఘాలన్నీ ఒకటి కావాలని పిలుపునిచ్చారు. ఆ మాట నెరవేరేసరికి 28 ఏళ్ళు పట్టింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథెడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం, మనం సీఎస్ఐ అంటున్నది, పుట్టింది. సికింద్రాబాదు వెస్లియన్ సంఘాలు మెదకు డయోసీసు కింద అందులో చేరాయి. తెల్లదొరల విభేదాలు మన నేల మీద మోసుకు తిరగాల్సిన పనిలేదని చెప్పిన ఆ ఐక్యత చిన్న విషయం కాదు. ప్రపంచమే మెచ్చుకుంది.

కానీ ఆ 28 ఏళ్ళ చర్చ దేని మీద నడిచింది? ప్రధానంగా బిషపుల వారసత్వం మీద, ఎవరు ఇచ్చిన అభిషేకం చెల్లుతుంది అన్నదాని మీద. మాల సంఘం, మాదిగ సంఘం ఒకే ఊళ్ళో వేర్వేరుగా ఎందుకు కూచుంటున్నాయి, పెండ్లి సంబంధం వచ్చేసరికి బాప్తిస్మం ఎందుకు పనికిరావడం లేదు అన్న ప్రశ్నలకు ఆ చర్చలో అంత చోటు దక్కలేదు. మిషన్ల మధ్య గోడలు కూలాయి. వాడల మధ్య గోడ నిలిచింది. ఇది మనం మనల్నే అడగాల్సిన ప్రశ్న, దొరల మీదికి నెట్టి తప్పుకునేది కాదు.

ఆస్తి సంగతి చూద్దాం. అదే 1947లో సీఎస్ఐ ట్రస్టు అసోసియేషన్ అనే కంపెనీ మద్రాసులో రిజిస్టరైంది. గుళ్ళు, స్కూళ్ళు, ఆస్పత్రులు, బంగళాలు దాని పేరు మీదికి వచ్చాయి. ఆస్తి చెదిరిపోకుండా ఒకచోట ఉండడం వల్ల మేలు ఉంది. దానికి ఖరీదూ ఉంది. పేటలో పిడికెడు బియ్యంతో గుడి నిలబెట్టిన సంఘానికి ఆ గుడి నేల గురించి నేరుగా ఏ మాటా చెల్లదు. పట్నంలో గజం ధర పెరిగేకొద్దీ ఈ దూరం ప్రమాదమైంది. పల్లెలో సంఘానికి బలహీనత బీదరికమైతే, సికింద్రాబాదు నడిబొడ్డున సంఘానికి బలహీనత దాని కాంపౌండు విలువే. జనరల్ బాడీలో చదివి వినిపించని ఏ ఒప్పందమూ సంఘానిది కాదని మేము అంటాం.

మూడో పథకం: పథకమే వద్దన్నవాళ్ళు

మిషన్లకూ డయోసీసులకూ బయట నడిచినవాళ్ళూ ఉన్నారు. పంజాబునుంచి వచ్చిన బక్త్ సింగ్ 1941లో మద్రాసులో యెహోవా షమ్మా, 1950లో హైదరాబాదు గోల్కొండ చౌరస్తా దగ్గర హెబ్రోను మొదలుపెట్టాడు. విదేశీ మిషన్ డబ్బు వద్దు, జీతాల పట్టిక వద్దు. సికింద్రాబాదు నుంచి నడిచిపోయేంత దూరంలో వేలమంది చాప మీద వరసగా కూచుని ఒకే బంతిలో తినే పరిశుద్ధ సమాజ కూడికలు జరిగాయి. ఊళ్ళో వేరే బంతిలో, వేరే గ్లాసులో పెట్టే రోజుల్లో దళితుడికి ఆ చాప ఎంత పెద్ద మాటో చెప్పక్కర్లేదు. 2000 సెప్టెంబరు 17న బక్త్ సింగ్ చనిపోయినప్పుడు నారాయణగూడ సమాధుల తోటకు కదిలిన జనం అందుకు సాక్ష్యం.

ఆ తర్వాత గల్లీకో స్వతంత్ర సంఘం లేచింది. పాత సంఘాల పెద్దలు వీటిని చూసి ముక్కు విరుస్తారు. మేము విరవం. ఇంటి మేడ మీద రేకుల కింద మొదలైన సంఘంలో మన పిల్లవాడు పాస్టరవుతున్నాడు, మన ఆడబిడ్డ పాట ఎత్తుకుంటోంది. పాత సంఘంలో ఆ చోటు దొరికితే అక్కడికి ఎందుకు పోతారు? కానీ ఇక్కడా అదే చిక్కు. ఒక మనిషి పిలుపు మీద లేచిన సంఘం ఆ మనిషి పోయాక ఎవరిది? కొడుకుదా, కుటుంబానిదా, కూడినవాళ్ళదా? కమిటీ లేకపోవడం స్వేచ్ఛలా కనిపిస్తుంది. నిజానికి లెక్క అడిగేవాళ్ళు లేకపోవడం అది.

లెక్కలో లేని మనిషి

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఏ పథకానికైనా మొదట కావలసింది లెక్క. ఎంతమందిమి, పిల్లలెందరు, ముసలివాళ్ళెందరు? జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1971లో 4.19 శాతం. 1981లో 2.68. 1991లో 1.83. 2001లో 1.55. 2011లో 1.34. గుళ్ళు పెరిగాయి, ఆదివారం రోడ్లు నిండాయి, లెక్క మాత్రం నలభై ఏళ్ళు వరసగా దిగజారింది. ఈ మనుషులంతా ఎటు పోయారు?

ఎటూ పోలేదు. కాగితంలో దాక్కున్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులం హక్కును హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీశారు. క్రైస్తవులకు, ముస్లింలకు తీయలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1970 నుంచి దళిత క్రైస్తవులను బీసీ-సి గుంపులో పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. 1985లో సుప్రీంకోర్టు సూసై కేసులో, మతం మారాక కూడా కులం బాధ అంతే ఉందని రుజువు చూపమంది. రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో ముడి తెంచమని 2007లో సిఫారసు చేసింది. 2022లో కేంద్రం కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. డెబ్బై ఏళ్ళు దాటి మన పిల్లలకు రెండు పేర్లు, రెండు రిజిస్టర్లు. గుడి బాప్తిస్మం రిజిస్టరులో ఒకటి, స్కూలు టీసీలో ఇంకొకటి.

దీన్ని అబద్ధమనేవాళ్ళు ఉన్నారు. ఊరు మనల్ని మాల, మాదిగ అనే పిలుస్తుంది, కొట్టేటప్పుడు మతం అడగదు. హక్కు ఇచ్చేటప్పుడే రాజ్యానికి మతం గుర్తొస్తుంది. మరి అబద్ధం ఎవరిది? కె. విల్సన్ 1982లో హైదరాబాదు నుంచి వెలువరించిన పుస్తకంలో దళిత క్రైస్తవుణ్ణి రెండుసార్లు వెలి అయినవాడన్నాడు. పల్లె సంఘాల సంగతికి పి.వై. లూక్, జాన్ కార్మన్ మెదకు డయోసీసులో చేసి 1968లో అచ్చేసిన అధ్యయనం ఉంది. కార్మన్, చిల్కూరి వసంతరావు కలిసి మళ్ళీ అదే ప్రాంతానికి వెళ్ళి 2014లో ఇంకో పుస్తకం తెచ్చారు. 1959 నుంచి 2009 దాకా క్షీణత, పునరుజ్జీవం రెండూ చూశామని దాని పేరులోనే చెప్పారు. లెక్కలో తగ్గడమూ, వాడలో పెరగడమూ రెండూ నిజమేనన్నమాట.

ఈ స్థితిలో తన సభ్యులను నోరు తెరిచి లెక్కపెట్టలేని సంఘం భవిష్యత్తు పథకం ఎట్లా రాస్తుంది? పాస్టరుకు తెలుసు, పెద్దలకు తెలుసు, ఎవరూ మాట్లాడరు. ఆ మౌనం లోపల భయం ఉంది. సర్టిఫికెట్ పోతుందనే భయం, ఉద్యోగం పోతుందనే భయం. ఆ భయాన్ని సంఘం పంచుకోకపోతే ఒక్కో ఇల్లు ఒంటరిగా మోస్తుంది. అందుకే 1950 ఉత్తర్వు మూడో పేరా మీద పోరాటం సంఘానికి బయటి రాజకీయం కాదు. అది సంఘం పథకంలో మొదటి పేజీ.

గేటు ఎవరికి తెరుచుకుంటుంది

1985 జులై 17న కారంచేడులో మాదిగలను నరికారు. ప్రాణాలు అరచేత పట్టుకుని వాళ్ళు చీరాలకు పరిగెత్తినప్పుడు తలదాచుకున్నది చర్చి కాంపౌండులో. అక్కడినుంచే ఉద్యమం లేచింది, దళిత మహాసభ పుట్టింది. ఒక కాంపౌండు విలువ ఏమిటో మనకు ఆ రోజు తెలిసింది. ఆ స్థలంలో ఆనాటికి షాపింగ్ కాంప్లెక్సు ఉండి ఉంటే వాళ్ళు ఎక్కడికి పోయేవాళ్ళు?

సికింద్రాబాదులో రోజూ కారంచేడు జరగదు. ఆపద ఇక్కడ వేరే రూపాల్లో వస్తుంది. కిరాయి కట్టలేక గల్లీ మారే ఇల్లు, ఫీజు కట్టలేక ఆగిన చదువు, పల్లె నుంచి ఆస్పత్రికి వచ్చి ఫుట్‌పాత్ మీద పడుకునే బంధువు, చివరికి బొంద పెట్టడానికి జాగా లేని శవం. నగరంలో సమాధుల తోటలు నిండిపోతున్నాయి. బతికినప్పుడు నేల లేనివాడికి చచ్చాక కూడా ఆరడుగులు దొరకకపోతే, ఆ సంఘం ఏం ముందుచూపు చూసినట్టు?

కాబట్టి కమిటీల్లో కూచునే మన అన్నలకు, అక్కలకు మేము కొన్ని పనులు చెప్పదలచుకున్నాం. మొదటిది, సంఘం స్థలాల కాగితాలన్నీ, ఏ ట్రస్టు పేరున ఉన్నా, ఓల్డ్ గ్రాంటయినా పట్టా అయినా, నకళ్ళు తీసి సభ్యులు చూసేలా పెట్టండి. రెండోది, నేల అమ్మకం, దీర్ఘకాలం లీజు జనరల్ బాడీ ముందు రెండుసార్లు చదవకుండా జరగకూడదని తీర్మానం రాసుకోండి. మూడోది, పెద్దల పదవికి గడువు పెట్టండి, ఒకే కుటుంబం, ఒకే కులం కుర్చీని పట్టుకు కూచోకుండా చూడండి. నాలుగోది, పిడికెడు బియ్యం తీసినవాళ్ళ మనవరాళ్ళకు పద్దు పుస్తకం అప్పగించండి. 2013లో నంద్యాలలో ఈ. పుష్పలలిత సీఎస్ఐకి తొలి మహిళా బిషపు అయ్యారు. డయోసీసును నడపగల ఆడమనిషి పాస్టరేటు లెక్కలు చూడలేదా? ఐదోది, కిరాయి ఎంత వచ్చినా అందులో ఒక వంతు చదువుకు, ఒక వంతు సమాధుల తోట నేలకు, ఒక వంతు మన తల్లి సంఘాలున్న పల్లెలకు ముందే తీసి పెట్టండి. పిడికెడు తీసినట్టే, ఎసరు పెట్టకముందే.

1853లో నెల్లూరును మూసేద్దామన్న లెక్క కాగితం మీద సరిగ్గానే ఉంది. అందులో పేరయ్య లేడు, నాగమ్మ లేదు, అంతే. మన సంఘాల పథకాలు రాసే ముందు ఒకసారి చూసుకుందాం, మన లెక్కలో ఎవరు లేరో. ఆ పేర్లు రాసుకున్నాకే సిమెంటు ధర అడుగుదాం.